తీరని బాకీ: గుండెను పట్టి ఉంచే సిరీస్ రాయడం ఎలా?

మా చిత్తూరు వైపు పల్లెల్లో ఎండాకాలం వస్తే ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం మొదలవుతుంది. పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. ఆఖరి రోజు పొద్దున దుర్యోధన వధ. ఖాళీ స్థలంలో మట్టితో చేసిన దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు. ఇంతింత కళ్ళు, మెలితిరిగిన మీసాలు, ఒంటినిండా రంగులు. భీముడి వేషం కట్టినాయన గద ఎత్తుకుని ఆ బొమ్మ చుట్టూ తిరుగుతాడు. తొడ మీద దెబ్బ పడగానే ఎర్రనీళ్ళు చిమ్ముతాయి. ఇన్నాళ్ళూ జుట్టు విరబోసుకుని ఉన్న ద్రౌపది ముందుకొచ్చి, ఆ ఎరుపు తలకి రాసుకుని, ముడి వేసుకుని, పూలు పెట్టుకుంటుంది. అప్పుడు ఆడవాళ్ళ వైపు చూడండి. కథ తెలియనివాళ్ళు అక్కడ ఒక్కరూ ఉండరు. అయినా కొంగులు కళ్ళ దగ్గరికి పోతాయి.

సిరీస్ రాయాలనుకునేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది ట్విస్టుల గురించి. తర్వాత ఏమవుతుందో అనే టెన్షన్ ఉంటే చాలు, జనం కదలకుండా కూర్చుంటారని నమ్మకం. ఆ టెన్షన్ ఒక రాత్రి కూర్చోబెడుతుంది, నిజమే. కానీ పద్దెనిమిది రోజులు కూర్చోబెట్టేది వేరే. నిండు సభలో ద్రౌపదిని జుట్టు పట్టి ఈడ్చిన రోజు ఒక బాకీ పడింది. అది తీరేదాకా జుట్టు ముడవనని ఆమె అన్నది. అప్పటినుంచి ఆ విరబోసిన జుట్టు స్టేజి మీద కనిపించిన ప్రతిసారీ, ఎవరూ ఏమీ చెప్పకపోయినా, బాకీ గుర్తొస్తూనే ఉంటుంది. చూసేవాడు ఎదురుచూసేది ఏం జరుగుతుందా అని కాదు, ఆ బాకీ ఎప్పుడు తీరుతుందా అని.

జపాన్ ఆనిమే (బొమ్మల సిరీస్) అయినా, అమెరికా సిరీస్ అయినా, మన తెలుగు వెబ్ సిరీస్ అయినా నాకు ఇదే కనిపిస్తుంది. అందుకే ఈ మార్గదర్శి అంతా బాకీ చుట్టూనే తిరుగుతుంది. కొన్ని సిరీస్‌ల ముగింపులు కూడా చెప్పబోతున్నాను. ఇంకా చూడనివాళ్ళు ఆ పేరాలు దాటి చదవండి.

మొదటి మెట్టు: బాకీని ఒక్క వాక్యంలో రాయండి

పాత్రలు, లొకేషన్లు, ఫ్లాష్‌బ్యాక్‌లు అన్నీ పక్కన పెట్టండి. నోట్‌బుక్ తీసి ఒక్క వాక్యం రాయండి: ఎవరు, ఎవరికి, ఏం బాకీ ఉన్నారు?

‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్’ ఆనిమే 2009లో మొదలై 64 ఎపిసోడ్లు నడిచింది. అందులో సైన్యాలున్నాయి, కుట్రలున్నాయి, చావులేని శత్రువులున్నారు. కానీ వాక్యం చిన్నదే. చనిపోయిన అమ్మని తిరిగి తెచ్చుకోవాలని, రసవిద్య (ఆల్కెమీ) తెలిసిన అన్నదమ్ములిద్దరూ చెయ్యకూడని పని చేశారు. అన్న కాలు పోయింది, తమ్ముడి శరీరం మొత్తం పోయింది. తమ్ముడి ప్రాణాన్ని ఒక ఇనుప కవచంలో నిలబెట్టడానికి అన్న చెయ్యి కూడా ఇచ్చాడు. అన్న తమ్ముడికి ఒక శరీరం బాకీ. ఆ ఖాళీ కవచం నడుస్తుంటే వచ్చే గలగల చప్పుడే ఆ బాకీని గుర్తుచేస్తుంది, ద్రౌపది జుట్టులాగే.

తీర్చే వీల్లేని బాకీలు ఇంకా బరువు. 2023లో వచ్చిన ‘ఫ్రీరెన్’ తీసుకోండి. వెయ్యేళ్ళకు పైగా బతికే ఎల్ఫ్ జాతి ఆమె. మనుషులతో కలిసి పదేళ్ళు ప్రయాణం చేసింది. ఆమె ఆయుష్షులో పదేళ్ళు అంటే మనకి ఒక పండగ సెలవు. యాభై ఏళ్ళ తర్వాత తిరిగొచ్చేసరికి ఆ ప్రయాణంలో తోడున్న స్నేహితుడు ముసలివాడైపోయాడు, కొన్నాళ్ళకే పోయాడు. అంత్యక్రియల దగ్గర ఆమెకి ఏడుపొచ్చింది, ఆ మనిషిని తెలుసుకునే ప్రయత్నమే చెయ్యలేదే అని. మొదటి ఎపిసోడ్‌లోనే ఇదంతా అయిపోతుంది. మిగతా కథంతా, ఆలస్యమైపోయాక ఒక మనిషిని తెలుసుకోవడం.

మీ వాక్యం కుదిరిందో లేదో చూసుకోవడానికి నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. బాకీ డబ్బుతో తీరిపోతుందా? తీరిపోయేదైతే ఇంకా లోపలికి తవ్వండి. బాకీ పడ్డవాడు దాన్ని మర్చిపోయి హాయిగా బతకగలడా? బతకగలిగితే వదిలేయండి. తీర్చాలంటే అతను తనకి చాలా ఇష్టమైనదేదో వదులుకోవాలా? అవునంటే అది మీ కథ.

ఊరికే సిద్ధాంతం చెబితే చేతికి రాదు కాబట్టి ఒక కథ తయారుచేస్తూ పోదాం. చిత్తూరు జిల్లా, జూన్ నెల, తోతాపురి మామిడి కోతల కాలం. మామిడి గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీ బయట ట్రాక్టర్ల లైను. 2025 సీజన్ ఇక్కడివాళ్ళకి బాగా గుర్తుంటుంది. కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలివ్వాలని, తాము 4 కలుపుతామని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చిన ఏడాది అది. మన కథలో ఒక మామిడి రైతు, అతని కూతురు. తోట తాకట్టు పెట్టి కూతుర్ని తిరుపతిలో పోటీ పరీక్షల కోచింగ్‌లో చేర్చాడు. రెండో ఏడాది ఫీజు అడగలేక ఆ పిల్ల కోచింగ్ మానేసి, ఇంట్లో చెప్పకుండా, ఒక పల్ప్ ఫ్యాక్టరీలో కాటా దగ్గర చీటీలు కొట్టే ఉద్యోగంలో చేరింది. ఒక్క వాక్యంలో చెప్పాలంటే, కూతురు నాయనకి ఒక నిజం బాకీ.

రెండో మెట్టు: బాకీ పడకముందే ఆ ఇంట్లో మనల్ని కూర్చోబెట్టండి

నా మొదటి స్క్రిప్ట్‌లో మొదటి ఎపిసోడ్ మూడో నిమిషంలోనే తండ్రి చనిపోతాడు. రాస్తున్నప్పుడు నేను ఏడ్చాను. చదివి వినిపించినప్పుడు ఎవరూ కదల్లేదు. ఆ తండ్రితో నేను నెలల తరబడి బతికాను, వినేవాళ్ళు మూడు నిమిషాలే బతికారు. పరిచయం లేని ఇంట్లో చావు జరిగితే మనం చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి పలకరించి వచ్చేస్తాం కదా.

కాబట్టి ముందు పని చూపించండి. ఏడుపు వద్దు, గతం వద్దు. మనిషి తన పని తాను చేసుకుంటూ ఉంటే అతని మీద నమ్మకం కుదురుతుంది. మన రైతు కాయని తెంపాక తొడిమ దగ్గర కారే సొన చొక్కాకి అంటకుండా ఎలా వంగుతాడో చూపించండి. ట్రాక్టర్ ట్రాలీలో లోడ్ మీద కప్పే టార్పాలిన్ పట్ట ఒకచోట చిరిగింది. భార్య తన పాత చీర అంచు నాలుగు మడతలు పెట్టి దబ్బనంతో కుట్టింది. నీలం పట్ట మీద మావిడాకు పచ్చ అంచు. కూతురు చిన్నప్పుడు ఆ లోడ్ మీద కూర్చుని మండీకి వెళ్ళేది. మొదటి ఎపిసోడ్‌లో ఈ పట్ట మూడు సెకన్లు కనిపిస్తే చాలు. దాని అవసరం తర్వాత ఉంది.

‘స్టైన్స్;గేట్’ 2011లో 24 ఎపిసోడ్లుగా వచ్చింది. మొదటి సగం నెమ్మదిగా ఉందని మధ్యలో మానేసినవాళ్ళు నాకు తెలుసు. ఒక గదిలో కుర్రాళ్ళు, పాత సామాను, గతంలోకి మెసేజ్ పంపే మైక్రోవేవ్, సరదా కబుర్లు. పన్నెండో ఎపిసోడ్‌లో అందరికంటే అమాయకురాలైన స్నేహితురాలు చనిపోతుంది. అంతవరకూ మనం ఆ గదిలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాం కాబట్టే ఆ దెబ్బ మనకీ తగులుతుంది. అంత నెమ్మది అందరూ చెయ్యలేరు, చెయ్యాల్సిన పని కూడా లేదు. కానీ మొదటి ఎపిసోడ్‌లో కనీసం సగం, ఏ కష్టమూ రాని మామూలు రోజుకి ఇవ్వండి.

మూడో మెట్టు: ఇద్దరిదీ న్యాయమే అవ్వాలి

ఒకడు మంచోడు, ఒకడు చెడ్డోడు అయితే మనం ఒకవైపు నిలబడి చూస్తాం. కోపం వస్తుంది, గెలిస్తే ఆనందం వస్తుంది. గుండె మెలిపెట్టినట్టు అవ్వాలంటే మాత్రం రెండు వైపులా నిలబడాల్సి రావాలి.

తిరుపతివాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. గంగమ్మ జాతర కథలో ఆడవాళ్ళని చెరబట్టే పాలెగాడు అమ్మకి భయపడి దాక్కుంటాడు. వాణ్ణి బయటికి రప్పించడానికి అమ్మ రోజుకో వేషం వేస్తుంది. బైరాగి, బండ, తోటి, చివరికి దొర. దొర వచ్చాడనుకుని వాడు బయటికి రాగానే తల తెగుతుంది. మామూలుగా అయితే కథ అక్కడితో ముగించేయొచ్చు. కానీ మన జాతర అక్కడ ఆగదు. మర్నాడు మాతంగి వేషం. అమ్మ ఆ పాలెగాడి భార్యని ఓదార్చడానికి వెళ్తుందని చెబుతారు. చంపింది న్యాయమే. అయినా ఆ ఇంట్లో ఒక ఆడమనిషి ఏడుస్తోంది. ఆ ఏడుపు కూడా లెక్కలోకి వస్తుందని చెప్పిన ఆ పాతకాలపు కథకుడికి నేను దణ్ణం పెడతాను. మీ కథలో ఎవరు గెలిచినా, మర్నాడు ఓడినవాడి ఇంటికి ఒకసారి వెళ్ళి రండి. ఆ సీను సిరీస్‌లో పెట్టకపోయినా రాసి చూసుకోండి.

మన కథలో నాయన కూడా ఒకటి దాచాడనుకుందాం. ఈ పంట తర్వాత తోట అమ్మేయడానికి మాట ఇచ్చేశాడు. పిల్ల చదువు పాడవుతుందని చెప్పలేదు. ఆమె అబద్ధమూ ప్రేమే, అతని అబద్ధమూ ప్రేమే. ఇప్పుడు బాకీ ఇద్దరి మీదా ఉంది.

నాలుగో మెట్టు: ఎవరికి ఏం తెలుసో పట్టిక వేసుకోండి

ఇది లెక్కల పుస్తకం పని, విసుగ్గా ఉంటుంది, కానీ దీన్ని దాటేసినవాళ్ళ కథలే మధ్యలో జారిపోతాయి. ఒక పెద్ద కాగితం మీద అడ్డంగా ఎపిసోడ్ నంబర్లు, నిలువుగా పాత్రల పేర్లు రాయండి. అన్నిటికంటే కింద ‘ప్రేక్షకుడు’ అని ఇంకో వరస. ప్రతి రహస్యం ఎవరికి ఏ ఎపిసోడ్‌లో తెలుస్తుందో గళ్ళలో నింపండి.

ఎక్కువ ఏడిపించే గడి ఏదంటే, ప్రేక్షకుడికి తెలిసి పాత్రకి తెలియనిది. ‘వయొలెట్ ఎవర్‌గార్డెన్’ (2018) పదో ఎపిసోడ్‌లో జబ్బుతో ఉన్న ఒక తల్లి, ఉత్తరాలు రాసిపెట్టే అమ్మాయిని ఇంటికి పిలిపించుకుంటుంది. ఏడేళ్ళ కూతురికి కోపం. అమ్మ నాతో ఉండాల్సిన సమయమంతా ఈ వచ్చినావిడ తినేస్తోందని. తల్లికి ఇంక ఎక్కువ రోజులు లేవని మనకి అర్థమవుతూ ఉంటుంది. ఆ ఉత్తరాలన్నీ ఆ పాపకేనని, రాబోయే యాభై పుట్టినరోజులకి ఏడాదికొకటి చొప్పున అని, చివర్లో తెలుస్తుంది. పాప పేచీ పెట్టిన ప్రతిసారీ మనకి గొంతు పట్టేస్తుంది. తల్లి పోబోతోందన్న నిజాన్ని చివరిదాకా మన దగ్గర కూడా దాచి ఉంటే ఒక్క క్షణం ఆశ్చర్యం మిగిలేదేమో. ముందే అనుమానం రానిచ్చారు కాబట్టి ఎపిసోడ్ అంతా నొప్పి.

మన పట్టికలో కూతురి ఉద్యోగం సంగతి ప్రేక్షకుడికి రెండో ఎపిసోడ్‌లోనే చెప్పేద్దాం. తోట అమ్మకం సంగతి మూడులో. ఉద్యోగం సంగతి నాయనకి ఆరులో తెలియాలి. అమ్మకం సంగతి కూతురికి పదిలో. ఆరు నుంచి పది వరకు అతనికి తెలుసని ఆమెకి తెలియదా? ఇలాంటి ప్రశ్న పట్టికలోంచే పుడుతుంది. కథలో సగం అక్కడే దొరుకుతుంది.

అయిదో మెట్టు: ఎపిసోడ్‌కి ఒక చిన్న బాకీ తీర్చండి, ఒక పెద్దది పెట్టండి

టీవీ ఆనిమేలో ఒక విడత సాధారణంగా 12 లేదా 13 ఎపిసోడ్లు ఉంటుంది. ఒక్కో ఎపిసోడ్ దాదాపు 24 నిమిషాలు, అందులో మొదటి పాట, చివరి పాట చెరి 90 సెకన్లు. అంటే చేతిలో మిగిలేది ఇరవై నిమిషాల పైచిలుకు. మొదటిసారి రాసేవాళ్ళకి ఈ కొలత మంచిది, పన్నెండు ఎపిసోడ్లకి ప్లాన్ చేసుకోండి.

ఏదీ తీర్చకుండా చివరిదాకా నానబెడితే చూసేవాడికి విసుగొస్తుంది. మన డైలీ సీరియల్స్‌లో ఒక నిజం బయటపడటానికి ఆరు నెలలు పట్టినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు కూడా “ఇంక చెప్పి చావొచ్చుగా” అనేది అందుకే. ప్రతి ఎపిసోడ్‌లో ఏదో ఒకటి తేలాలి. తేలిన దానివల్లే ఇంకోటి మెడకి చుట్టుకోవాలి. ‘స్టైన్స్;గేట్’ రెండో సగం దీనికి మంచి పాఠం. స్నేహితురాల్ని బతికించాలంటే హీరో తాను పంపిన మెసేజ్‌లన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకోవాలి. ఒక మెసేజ్ వల్ల ఒకమ్మాయికి పోయిన నాన్న తిరిగి దక్కాడు. దాన్ని వెనక్కి తీసుకోవడమంటే ఆ నాన్నని మళ్ళీ పోగొట్టమని ఆ అమ్మాయినే అడగడం. ఒకరి బాకీ తీరుస్తుంటే ఇంకొకరికి బాకీ పడుతోంది.

ఎపిసోడ్ చివర ఎక్కడ ఆపాలి? లారీ మీదికి దూసుకొచ్చే చోట ఆపకండి. హీరో చావడని అందరికీ తెలుసు. పాత్ర ఒక నిర్ణయం ముందు నిలబడ్డ చోట ఆపండి. ఫోన్ మోగుతోంది, స్క్రీన్ మీద ‘నాయన’ అని ఉంది, ఆమె వేలు ఆగింది. వారం రోజులు మోయడానికి అది చాలు.

ఆరో మెట్టు: ఏడుపు సీనులో ఎవరినీ ఏడవనివ్వకండి

ఈ మెట్టు మీద ఎక్కువసేపు కూర్చుందాం.

నాట్యశాస్త్రంలో భరతుడు సాత్త్విక భావాలు ఎనిమిదని చెప్పాడు: కొయ్యబారిపోవడం, చెమట, గగుర్పాటు, గొంతు మారిపోవడం, వణుకు, ముఖం పాలిపోవడం, కన్నీరు, స్పృహ తప్పడం. దుఃఖం ఒంట్లోంచి బయటికి రావడానికి ఎనిమిది దారులుంటే మనం రాసే సీన్లలో ఒక్క కన్నీటి దారే వాడుతున్నాం. బాధ సీను రాసేటప్పుడు కన్నీరు కొట్టేసి, మిగతా ఏడింట్లో ఒకటి ఎంచుకోండి. ఈ ఒక్క మార్పుతో నా రాతలో వచ్చిన తేడా ఇంక దేనివల్లా రాలేదు. పాత్ర ఏడిస్తే చూసేవాడి పని అయిపోతుంది. పాత్ర ఆపుకుంటే ఆ ఏడుపు చూసేవాడికి బదిలీ అవుతుంది. ఇందాక చెప్పిన ఉత్తరాల ఎపిసోడ్‌లో కూడా రాసే అమ్మాయి ఆ ఇంట్లో ఉన్నన్ని రోజులూ కళ్ళు తడవనివ్వదు. ఆఫీసుకి తిరిగొచ్చాకే కూలిపోతుంది.

ఇప్పుడు మన ఆరో ఎపిసోడ్ రాద్దాం. రాత్రి, ఫ్యాక్టరీ గేటు. రెండు రోజులుగా లైనులో ఉన్న ట్రాక్టర్లు ఒక్కోటి కాటా ఎక్కుతున్నాయి. కూతురు అద్దాల గదిలో కంప్యూటర్ ముందు ఉంది. వెనక సూపర్‌వైజర్ టీ తాగుతున్నాడు. కొత్త లోడ్ కాటా ఎక్కింది. ఆమె తలెత్తింది. ముందు మనిషి కనిపించలేదు, పట్ట కనిపించింది. నీలం మీద మావిడాకు పచ్చ అంచు. కీబోర్డు మీద చెయ్యి కొయ్యబారింది.

ఎండకి రెండు రోజులు ఉండటంతో అడుగు కాయ మెత్తబడింది. తరుగు వెయ్యాలి, అంటే తూకంలో కొంత కొట్టెయ్యాలి. వెయ్యకపోతే వెనక ఉన్నాయన అడుగుతాడు. నాయన కిటికీ దగ్గరికి వచ్చాడు. లోపల ఎవరున్నారో చూశాడు. ఆమె వెనక నిలబడ్డ సూపర్‌వైజర్‌నీ చూశాడు.

“తరుగు ఎంత పడిందో చెప్పండి మేడం.”

“టన్నుకి… యాభై కిలోలండీ.”

“సరే మేడం.” చీటీ తీసుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “రాత్రిపూట ఫ్యాను కింద కూర్చోవద్దండి. దగ్గొస్తుంది.”

ఇందులో ఎవరూ ఏడవలేదు, ఎవరూ నిజం చెప్పలేదు. తెలుగులో రాసేవాళ్ళకి ఉన్న ఒక వరాన్ని వాడుకున్నానంతే. పుట్టినప్పటినుంచి ‘పాపా’ అని పిలిచిన నోటితో ‘మేడం’ అనిపించాను. నువ్వుని మీరు చేశాను. ఆమె ఉద్యోగం పోకూడదని అతను చేసిన పని అది. ‘పాపా’ అన్న ఒక్క మాట ఇప్పుడు బాకీగా మిగిలింది. ఇక్కణ్ణించి నాయన ఆమెతో ఫోన్‌లో మాట్లాడినా ఆ పిలుపు రానివ్వకండి. ఏదో ఒక వంకతో తప్పించండి. చూసేవాళ్ళు తమకి తెలియకుండానే దానికోసం చెవులు రిక్కిస్తారు.

అబ్బీ-అయ్యగారు, నువ్వు-మీరు, అమ్మీ-అమ్మగారు, ఇలా మన పిలుపుల్లో దూరాలూ దగ్గరలూ కొలవడానికి ఎన్ని గీతలున్నాయో చూడండి. పేజీడు డైలాగ్ చెయ్యలేని పని ఒక పిలుపు మారితే జరుగుతుంది.

సంగీతం గురించి ఒక్క మాట. కాటా సీనులో వయొలిన్ వద్దు. ప్రింటర్ చప్పుడు, ట్రాక్టర్ ఇంజన్ చప్పుడు ఉంచండి. పాట అతను వెళ్ళిపోయాక, తర్వాతి లోడ్ కాటా ఎక్కుతున్నప్పుడు, ఆమె తర్వాతి చీటీ కొడుతున్నప్పుడు మొదలవ్వాలి.

ఏడో మెట్టు: తీర్చేటప్పుడు వడ్డీతో సహా

ముగింపులో రెండు తప్పులు చూస్తుంటాను. ఒకటి, బాకీ ఊరికే తీరిపోవడం. అనుకోకుండా లాటరీ తగిలినట్టు ఎవరో వచ్చి తోట విడిపించేస్తారు. రెండోది, అసలు తీర్చకుండా అందర్నీ చంపేయడం. రెండింటిలోనూ చూసినవాడు మోసపోయినట్టు ఉంటుంది.

‘ఫుల్‌మెటల్’ అన్న చివరికి తమ్ముడి శరీరాన్ని తెస్తాడు. దానికి బదులుగా తన రసవిద్యనే శాశ్వతంగా వదులుకుంటాడు. 64 ఎపిసోడ్లుగా అతను ఎవరు అంటే ఆ విద్యే. ఇంకోరకం లెక్క ‘బ్రేకింగ్ బ్యాడ్’ది. 2008 నుంచి 2013 వరకు 62 ఎపిసోడ్లు. ఆ కెమిస్ట్రీ మాస్టారు తాను చేసిన ప్రతి పాపానికీ కుటుంబం కోసమే అంటూ వచ్చాడు. ఆఖరి ఎపిసోడ్‌లో భార్య ముందు నిలబడి, నాకోసమే చేశాను, నాకు నచ్చింది అని ఒప్పుకుంటాడు. అయిదు సీజన్లుగా ఆమెకి బాకీ ఉన్నది డబ్బు కాదు, ఆ ఒక్క నిజం.

మన కథలో తోట పోతుంది. దాన్ని కాపాడకండి. కోతలయ్యాక ఖాళీ తోటలో నాయన ఆ పట్ట మడతపెడుతుంటాడు. కూతురు రెండో కొస పట్టుకుంటుంది. ఇద్దరూ దగ్గరికొస్తూ, దూరం జరుగుతూ మడతలు వేస్తారు. ఆఖరి మడతకి కొసలు ఆమె చేతిలోంచి అతని చేతిలోకి వస్తాయి. “గట్టిగా పట్టుకో పాపా, జారిపోతాంది.” అంతే, కట్.

ఎనిమిదో మెట్టు: రాసింది ఒకరికి చెప్పండి

చదవమని ఇవ్వకండి, చెప్పండి. హరికథ చెప్పినట్టు నోటితో చెప్పండి. సినిమావాళ్ళకి వద్దు, రాసే స్నేహితులకీ వద్దు. అమ్మకో, అత్తకో, పక్కింటి పెద్దాయనకో చెప్పండి. చెబుతున్నప్పుడు కాగితం మీద ఒక్కటే గుర్తు పెట్టుకోండి, ఎక్కడ ఫోన్ వైపు చూశారో. ఆ చోట బాకీ మర్చిపోయి మీరు కథ మాత్రమే చెబుతున్నారు. అక్కడ కత్తిరించండి.

బాగుందా అని అడగొద్దు. బాగుందనే అంటారు. ఆరో ఎపిసోడ్ దగ్గర ఆపేసి, మిగతాది రేపు చెబుతానని లేచి వెళ్ళిపోండి. మర్నాడు పొద్దున మా అమ్మ దోసె తిప్పుతూ, నా వైపు చూడకుండానే అడిగింది: “ఆ పిల్ల ఇంటికి ఫోన్ చేసిందా లేదా?” ఆ రోజు కూర్చుని ఏడో ఎపిసోడ్ రాయడం మొదలుపెట్టాను.